కాటుక గిన్నె ఉండగా లేజర్ ఎందుకు?

ప్రశ్న: మా అక్క మనవరాలు ఇక్కడే చెన్నైలో పీహెచ్‌డీ చేస్తోంది. మంటలో మసిని లేజర్‌తో కొలుస్తుందట. మా చిన్నప్పుడు ఆముదం దీపం మీద ఇత్తడి గిన్నె బోర్లించి కాటుక పట్టేవాళ్లం, బోలెడు మసి వచ్చేది. దీనికి లేజర్ ఎందుకండీ? పైగా సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తదు.
– ఓ పాఠకురాలు, పశ్చిమ మాంబళం, చెన్నై

జవాబు: అమ్మా, గిన్నె అడ్డం పెట్టగానే మంట నలిగిపోతుంది, చల్లబడుతుంది, దాంతో మసి ఇంకా ఎక్కువ వస్తుంది. మీకు కావాల్సింది కాటుకే కాబట్టి సంతోషమే. ఆ పిల్లకి మాత్రం మంటని కదపకుండానే, వత్తికి ఎంత ఎత్తులో మసి పుడుతోంది, ఎంతుంది, ఏ సైజులో ఉంది అన్నీ తెలియాలి.

దీపం పసుపుగా వెలిగేది కూడా మసి వల్లే, ఆ వేడికి మసి కణాలు నిప్పుకణికల్లా మెరుస్తుంటాయి. ఒక్కో కణం సుమారు 10 నుంచి 50 నానోమీటర్లు, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు, పూసల దండల్లా అతుక్కుని తిరుగుతుంటాయి. వాటి మీద లేజర్ని ఒక్కసారి కొడతారు, ఎంతసేపంటే సెకనుని వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఓ పది ముక్కలంత సేపు. అంతలోనే మసి 4,000 కెల్విన్ దాకా, అంటే దాదాపు 3,700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి, చుట్టూ ఉన్న మంటకంటే ఎన్నో రెట్లు మెరిసి, మళ్లీ చల్లారిపోతుంది. ఆ మెరుపు ఎంతుందో చూస్తే మసి ఎంతుందో తెలుస్తుంది. నాకు నచ్చేది మాత్రం ఆ చల్లారడమే: గ్లాసులో టీ చల్లారినంత తొందరగా బిందెలో వేడినీళ్లు చల్లారవు కదా, అలాగే చిన్న పూస గబుక్కున ఆరిపోతుంది, పెద్దది కాస్త ఆగుతుంది, ఆ తేడా పట్టుకుని సైజు లెక్క కడతారు. లేజర్ జోరు మరీ పెంచితే మసి ఆవిరైపోయి లెక్క తప్పుతుంది, అదో తలనొప్పి.

ఎక్కువగా వాడేది 1,064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఇన్‌ఫ్రారెడ్ (పరారుణ) లేజర్. ఆకుపచ్చ లేజరైతే మసిగా మారబోయే ఆవిర్లు కూడా వెలిగి గందరగోళం చేస్తాయి. ఇన్‌ఫ్రారెడ్‌తో ఆ గొడవ లేదు కానీ అది కంటికి కనబడదు, కంట్లో పడితే చూపు పోతుంది. అందుకే ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని, బయటి వెలుతురు కలవకుండా లైట్లన్నీ ఆర్పేసి పనిచేస్తారు. ఆ చీకట్లో ఫోన్ ఎవరు ఎత్తుతారు చెప్పండి, భోజనాల వేళ దాటాక చేసి చూడండి.