పందెగాడి సంగతి మనవాళ్లకు చెబితే పరువు నష్టమా?

ప్రశ్న: మాది కాకినాడ. రోజూ సాయంత్రం ఒక స్నూకర్ పార్లర్‌లో ఆడతాను. పది రోజుల క్రితం అక్కడికి ఒక కొత్త మనిషి వచ్చాడు. ఉద్యోగం పని మీద ఊళ్లో ఉన్నానని, కాలేజీ రోజుల్లో ఏదో కాస్త ఆడేవాడినని చెప్పాడు. మొదటి రెండు రోజులు వంద, రెండు వందలు పందెం కాసి ఓడిపోయాడు. తర్వాత ఫ్రేముకు (ఒక్కో ఆటకు) 2,000 అన్నాడు, ఆపైన 5,000 అన్నాడు. ఇప్పటికి మా వాళ్లు ముగ్గురి దగ్గర 40,000 రూపాయలకు పైగా గెలిచాడు. ఇతణ్ణి నేను రెండేళ్ల క్రితం బెంగళూరులో చూశాను. అక్కడ వేరే పేరు చెప్పుకున్నాడు, ఇదే పద్ధతిలో నాలుగు రోజులు ఆడి మాయమయ్యాడు. వచ్చే ఆదివారం మా బాబాయిగారి అబ్బాయి ఇతనితో 25,000 పందేనికి ఒప్పుకున్నాడు. నేను నోరు విప్పితే ఆట చెడగొట్టానంటారేమో, ఆ మనిషి పరువు నష్టం కేసు పెడతాడేమో అని వెనకాడుతున్నాను. అతని ఫొటో తీసి మా ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా? పోయిన డబ్బు రాబట్టే దారి ఉందా? ఒక స్నేహితుడు, 'నువ్వు చెప్పకుండా ఉండాలంటే వాటా ఇమ్మని అడుగు' అంటున్నాడు. ఏం చేయమంటారు? (పేరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: ముందు మీ తమ్ముడికి చెప్పండి. ఆదివారం దాకా ఆగకండి, ఈ రోజే చెప్పండి. మిగతా ప్రశ్నలన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగేది కాదు.

అలా చెప్పడం నేరమవుతుందని మీరు భయపడుతున్నారు. పరువు నష్టాన్ని నేరంగా చూసే సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 499, 500 సెక్షన్లలో ఉండేది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజ సేవ శిక్షగా వేయవచ్చు. అయితే ఆ సెక్షన్‌ను సగం చదివి భయపడేవాళ్లే ఎక్కువ. దాని కింద పది మినహాయింపులున్నాయి. పదోది సరిగ్గా మీ కోసమే రాసినట్టుంటుంది: ఒకరి విషయంలో మరొకరిని సద్భావంతో హెచ్చరించడం, ఆ హెచ్చరిక వినేవారి మేలు కోసమో, వారికి కావలసినవారి మేలు కోసమో, ప్రజల మేలు కోసమో అయితే, పరువు నష్టం కాదు. 25,000 పోగొట్టుకోబోతున్న తమ్ముణ్ణి పక్కకు పిలిచి జాగ్రత్త చెప్పే అన్నకు ఇంతకంటే ఏం రక్షణ కావాలి?

భారతంలో విదురుడు చేసింది ఇదే. జూదానికి పిలుపు తీసుకుని ఇంద్రప్రస్థానికి వెళ్లినవాడు, అక్కడ కాచుకుని ఉన్నవాళ్లు ఎలాంటివాళ్లో దాచలేదు. చెప్పవలసిన మనిషికే చెప్పాడు, ఆట మొదలు కాకముందే చెప్పాడు. ధర్మరాజు అయినా వెళ్లాడు. మీ తమ్ముడూ వినకపోవచ్చు. వింటాడా లేదా అన్నది మీ చేతిలో లేదు, చెప్పడం మాత్రమే మీ చేతిలో ఉంది.

ఇక్కడ 'సద్భావం' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మంచి మనసుతో అన్నాను కదా అంటే సరిపోదు. తగిన శ్రద్ధ, జాగ్రత్త లేకుండా చేసిన పనిని చట్టం సద్భావంగా ఒప్పుకోదు. అంటే మీకు తెలిసింది ఎంతో, ఊహించింది ఎంతో వేరు చేసుకోవాలి. మీకు తెలిసినవి మూడు విషయాలు. ఇతణ్ణి బెంగళూరులో చూశారు. అక్కడ వేరే పేరు చెప్పాడు. అక్కడా మొదట ఓడి, పందెం పెంచి, గెలిచి వెళ్లిపోయాడు. ఈ మూడే చెప్పండి. 'దొంగ', 'ముఠా మనిషి', 'ఊరూరా మోసాలు చేసేవాడు' అన్న మాటలు మీరు చూసినవి కావు, మీ కోపం కలిపినవి. అంతకంటే ముందు, ఈ మనిషి అతనేనా అన్నది మీలో మీరు గట్టిగా తేల్చుకోండి. రెండేళ్ల నాటి ముఖం కదా. అనుమానం ఉంటే అనుమానంగానే చెప్పండి: 'ఇతణ్ణి బెంగళూరులో చూసినట్టు నాకు గుర్తు, అప్పుడు పేరు వేరు, ఇతను చెప్పుకునేంత కొత్త ఆటగాడు కాదనిపిస్తోంది, పెద్ద పందెం వద్దురా.' ఈ మాటలకు ఏ కోర్టులోనూ మీరు తడబడనక్కరలేదు.

పార్లర్ యజమానికి కూడా ఇంతే చెప్పవచ్చు. అతనికి ఇందులో సొంత ప్రయోజనం ఉంది. తన ప్రయోజనాన్నో, ఇతరుల ప్రయోజనాన్నో కాపాడటానికి సద్భావంతో చెప్పిన మాటకు తొమ్మిదో మినహాయింపు ఉంది. పైగా తన టేబుల్ ఎవరికి ఇవ్వాలో, పందెం ఆటను తన కప్పు కింద సాగనివ్వాలో వద్దో తేల్చుకోవలసిన మనిషి అతనే. ఎందుకో కింద చెబుతాను.

వాట్సాప్ గ్రూపు సంగతి వేరు. అక్కడ ఫొటో పెట్టి 'ఈ మోసగాడితో జాగ్రత్త' అని రాశారనుకోండి. ఆ గ్రూపులో పందెం జోలికే వెళ్లనివాళ్లు ఉంటారు, ఊళ్లో లేనివాళ్లు ఉంటారు, అయిదు నిమిషాల్లో దాన్ని మరో పది గ్రూపులకు పంపేవాళ్లూ ఉంటారు. హెచ్చరిక అవసరమైన ముగ్గురిని దాటి మాట ఎంత దూరం పోతే పదో మినహాయింపు అంత పలచబడుతుంది. అప్పుడు మీరు మొదటి మినహాయింపును పట్టుకోవాలి. అది, చెప్పింది నిజమై ఉండటమే కాక, దాన్ని అలా బయటపెట్టడం ప్రజల మేలుకు అవసరమై ఉండాలంటుంది. నిజమైతే చాలుననే నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. సివిల్ దావాలో నిజం పూర్తి రక్షణే, క్రిమినల్ కేసులో అది ఒక్కటే చాలదు. పైగా మినహాయింపు తనకు వర్తిస్తుందని చూపించే భారం నిందితుడి మీదే ఉంటుంది. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ ఆ మాట చెబుతుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక వ్యవహారంలో, ఆట కాదు గానీ ఒక చీటీ గొడవలో, ఒకాయన గ్రూపులో పెట్టిన మూడు వాక్యాల్లో రెండు నిజం. మూడోది కోపంలో రాసింది. ఆ ఒక్క వాక్యం కోసం ఆయన నాలుగేళ్లు వాయిదాలకు తిరిగారు. మీరు ఆ దారి పట్టడం నాకు ఇష్టం లేదు. ఫొటో వద్దు. ముగ్గురికి చెప్పాలంటే ముగ్గురికి ఫోను చేయండి.

కేసు పెడతాడన్న భయం కూడా తగిన కొలతలోనే పెట్టుకోండి. పరువు నష్టం నేరం కింద పోలీసులు వచ్చి పట్టుకుపోరు. బాధితుడే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేసుకోవాలి. కేసు విచారణకు స్వీకరించే ముందే మీ వాదన వినాలని క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త నాగరిక సురక్షా సంహిత 223వ సెక్షన్ చెబుతోంది. సివిల్ దావాకైతే ఏడాది గడువు. రెండు పేర్లతో తిరిగే మనిషి కోర్టు బోనులో నిలబడి తన అసలు పేరు, వృత్తి చెప్పడానికి ముందుకు వస్తాడా అన్నది వేరే ప్రశ్న. అయినా ఆ లెక్క మీద ధైర్యం తెచ్చుకోకండి. మీ మాట సరిగ్గా ఉండటమే మీ ధైర్యం కావాలి.

ఇక అసలు విషయం: అతను చేస్తున్నది మోసమేనా? బాగా ఆడటం నేరం కాదు. పరాయి ఊరి నుంచి వచ్చి గెలవడమూ నేరం కాదు. తన స్థాయి ముందే ప్రకటించాలని స్నూకర్ నియమాల్లో ఎక్కడా లేదు. మనవాళ్లు పొగరుతో పందెం పెంచి ఓడి, తర్వాత అతణ్ణి మోసగాడు అనడం నేను ఒప్పుకోను. కానీ మోసాన్ని నిర్వచించే న్యాయ సంహిత 318వ సెక్షన్‌కు ఒక వివరణ ఉంది: దురుద్దేశంతో వాస్తవాలను దాచడమూ వంచనే. ఊరికే మాట్లాడకుండా ఉన్నవాణ్ణి దీని కిందకు తేవడం కష్టం. 'ఏదో కాస్త ఆడేవాడిని' అని అబద్ధం చెప్పి, తప్పుడు పేరు చెప్పి, కావాలని బంతులు వదిలేసి, ఎదుటివాడికి లేని ధీమా కలిగించి, ఆ ధీమా మీద డబ్బు తీసుకున్నవాడి మీద వాదన నిలబెట్టవచ్చు. అలా వంచించి డబ్బు ఇప్పించుకుంటే శిక్ష ఏడేళ్ల వరకు ఉంది. కావాలని వదిలేశాడా, నిజంగానే తప్పాడా అన్నది రుజువు చేయడమే కష్టం. తెల్ల బంతి పాకెట్లో పడి ఫౌల్ అయితే చేయి వణికిందో, బుద్ధి వంకరో ఎవరు చెప్పగలరు? కాబట్టి ఆట తీరు కంటే ఆ రెండు పేర్లే మీకు గట్టి ఆధారం.

'ఆట చెడగొట్టడం' అన్న మాట మీకు గుచ్చుకుంటోంది కదా. అది కాకినాడలో పుట్టింది కాదు. అమెరికాలో పూల్ గదులు వెలిగిన రోజుల నుంచి, ఊరూరా తిరిగి పందేలాడే హస్లర్ల మధ్య ఒక కట్టుబాటు ఉంది: డబ్బు పెట్టనివాడు పక్క టేబుల్ పందెం గురించి నోరెత్తకూడదు. ఇలినాయ్ రాష్ట్రంలోని జాన్‌స్టన్ సిటీ అనే చిన్న ఊళ్లో 1961 నుంచి కొన్నేళ్లు అలాంటి ఆటగాళ్లంతా ఏటా ఒకచోట చేరి పోటీలాడేవారు. అక్కడ ఎవరు ఎంత ఆడగలరో అందరికీ తెలుసు. ఇద్దరూ కళ్లు తెరుచుకుని డబ్బు పెట్టేచోట మూడోవాడు నోరు మూసుకోవడంలో ఒక మర్యాద ఉంది, నేనూ ఒప్పుకుంటాను. ఒకడికే అంతా తెలిసి, రెండోవాడు గుడ్డిగా దిగుతున్నప్పుడు అదే కట్టుబాటు వేటగాడికి కాపలా కాయడమవుతుంది. దాన్ని మీరు మర్యాద అనుకోనక్కరలేదు. పాటించవలసిన మర్యాద ఒక్కటే: ఫ్రేము నడుస్తుండగా, క్యూ కర్ర ఎత్తిన మనిషి వెనక నిలబడి అరవకండి. పందెం కుదరకముందు చెప్పండి, లేదా ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య చెప్పండి. చట్టం కూడా మాట సమయాన్ని, చోటును చూసే ఉద్దేశాన్ని అంచనా వేస్తుంది.

పోయిన 40,000 గురించి చెప్పే మాట మీకు నచ్చదు. కాంట్రాక్టు చట్టం, 1872లో 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీల్లేదు. అతను బాకీ కోసం మిమ్మల్ని కోర్టుకు ఈడ్చలేడు. ఇష్టపూర్వకంగా ఇచ్చేసిన పందెం సొమ్మును తిరిగి ఇప్పించమంటే కోర్టు మీకూ చేయి అందించదు. అందుకే తమ్ముడి పందెం ఇంకా జరగకపోవడం మీ అదృష్టం. ఒప్పుకున్నాడు కాబట్టి ఆడాలనే చట్టబద్ధమైన బాధ్యత ఏదీ లేదు. 'మాట ఇచ్చాను' అంటాడేమో, అబద్ధపు పేరు చెప్పినవాడికి ఇచ్చిన మాట అది అని గుర్తు చేయండి.

ఓడిన ముగ్గురూ మోసం ఫిర్యాదు ఇవ్వవచ్చు. పందెం చెల్లకపోవడం మోసగాడికి గొడుగు కాదు. ఫోను ద్వారా పంపిన డబ్బైతే లెక్క ఉంటుంది. అయితే అదే లెక్క వాళ్లూ పందెం ఆడారని చెబుతుంది. నైపుణ్యం ప్రధానమైన ఆట జూదం కాదని సుప్రీంకోర్టు 1967 నాటి సత్యనారాయణ కేసులో, సికింద్రాబాద్ క్లబ్బులో రమ్మీ గురించి చెప్పింది. స్నూకర్‌లో నైపుణ్యం రమ్మీ కంటే ఎక్కువే. కానీ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో కఠినం చేశాయి. డబ్బు పెట్టి ఆడినా నైపుణ్యం ఆటే కదా అన్న వాదనకు ఇప్పుడు చోటు బాగా తగ్గింది. జూదానికి చోటిచ్చినందుకు అన్నిటికంటే ముందు పట్టుబడేది పార్లర్ యజమాని. ఓడినవాళ్లు టేబుల్ అద్దె కట్టే అలవాటు దగ్గర ఆగితే ఇంత తలనొప్పి ఉండేది కాదు. అతని వెనక జతగాళ్లుంటే, ఒకడు ఓడుతూ ఒకడు రెచ్చగొడుతూ ఊళ్లు తిరిగే గుంపైతే, గుంపుగా చేసే మోసాన్నీ అనధికార పందేలనూ చిన్న స్థాయి వ్యవస్థీకృత నేరంగా చూసే న్యాయ సంహిత 112వ సెక్షన్ ఉంది. కనీసం ఏడాది శిక్ష. ఆ ముగ్గురూ స్టేషనుకు వెళ్లే ముందు తమ తరఫున ఒక న్యాయవాదిని కలవాలి.

చివరికి మీ స్నేహితుడి సలహా. ఆ స్నేహితుడితో మాట్లాడేటప్పుడు కాస్త దూరం పాటించండి. 'డబ్బు ఇవ్వకపోతే నీ సంగతి బయటపెడతాను' అన్న క్షణంలో మీరే నేరస్తులవుతారు. పరువుకు హాని చేస్తానని భయపెట్టి డబ్బు ఇప్పించుకోవడం న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు, శిక్ష ఏడేళ్ల వరకు. బయటపెట్టబోయేది నిజమే కదా అన్నది మిమ్మల్ని కాపాడదు. హెచ్చరించే హక్కు మీకుంది, దాన్ని అమ్ముకునే హక్కు లేదు. నలుగురూ కలిసి తలుపు మూసి, జేబులు వెతికి డబ్బు లాక్కుందామన్నా అంతే. అక్రమ నిర్బంధం, దోపిడీ కేసులు మీ మీదకు వస్తాయి, అతను బాధితుడై కూర్చుంటాడు.

ఆదివారం నాటికి ఇలా చేయండి. తమ్ముణ్ణి ఇంటికి పిలిచి మాట్లాడండి, ఫోనులో రాసి పంపకండి. యజమానిని విడిగా కలిసి చెప్పండి. ఆ మనిషే మీ దగ్గరకు వచ్చి 'నా గురించి ఏం చెప్పావు' అని అడిగితే దాచకండి, గొంతు పెంచకండి. 'బెంగళూరులో మిమ్మల్ని చూశాను, అప్పుడు మీ పేరు వేరు' అని ఆ ఒక్క వాక్యం అతని ముఖం మీదే చెప్పండి.