కమారోలో పాట వినపడాలంటే

ప్రశ్న: నా దగ్గర 1969 షెవ్రొలే కమారో ఉంది. ఇంజను, పెయింటు పనులన్నీ పూర్తయ్యాయి. రేడియో మాత్రం పాతదే, డాష్‌బోర్డులో ఒక్కటే స్పీకరు. 60 మైళ్ల స్పీడు దాటితే పాట వినపడదు. డోర్లలో పెద్ద స్పీకర్లు, డిక్కీలో సబ్‌వూఫరు (బేస్ కోసమే ఉండే స్పీకరు), 1000 వాట్ల ఆంప్లిఫయరు పెట్టించాలనుకుంటున్నాను. డాష్‌బోర్డూ డోర్లూ కొయ్యాలంటున్నారు. కోయించమంటారా?

జవాబు: వద్దండీ, కోయించకండి. యాభై ఏళ్లకు పైగా ఎవరి రంపమూ తగలకుండా వచ్చిన డాష్‌బోర్డు అది. ఇప్పుడు కోసేస్తే మళ్లీ రాదు. మీకు కావలసిన శబ్దం అది కోయకుండానే వస్తుంది. నా 1970 షెవ్రొలే షెవెల్‌లో అలాగే చేసుకున్నాను.

అసలు పాట ఎందుకు వినపడట్లేదో చూద్దాం. మీది వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను) అనుకుంటున్నాను. ఇంజను ఒక్క చుట్టు తిరిగేసరికి నాలుగు సిలిండర్లు మండుతాయి. 2000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు సుమారు 133 సార్లన్నమాట. సైలెన్సరు నుంచి వచ్చే ఆ గుయ్‌మనే మోత 133 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. మగగొంతు అడుగుభాగం, బేస్ గిటారు ఉండేదీ అక్కడే. అందుకే హైవే మీద మీకు తాళాలు వినపడతాయి, గొంతు వినపడదు. దీన్ని వాట్లతో గెలవాలంటే చాలా కష్టం. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే పదింతల పవరు కావాలి.

కాబట్టి మొదటి ఖర్చు స్పీకర్ల మీద కాదు, రేకు మీద పెట్టండి. సీట్లు, కార్పెట్ తీసేసి నేల రేకు మీద పిడికిలితో కొట్టండి. ఖంగుమని మోగుతుంది. అరచేయంత బ్యూటైల్ షీటు ముక్క (జిగురు రబ్బరు, పైన అల్యూమినియం పొర ఉంటుంది) అక్కడ అంటించి, రోలరుతో గట్టిగా అదిమి, మళ్లీ కొట్టండి. డప్ మని ఆగిపోతుంది. నేను మొదటిసారి ఆ తేడా విన్నప్పుడు ఇంట్లోవాళ్లను పిలిచి మరీ చూపించాను. రేకంతా కప్పక్కర్లేదు, ప్రతి పలకలో పావు వంతు కప్పితే అదురు చాలావరకు పోతుంది. దానిమీద నీళ్లు పీల్చని ఫోము పరవండి. ఇంజనుకూ మీ కాళ్లకూ మధ్య ఉన్న రేకులో పాత వైర్ల బొక్కలు ఉంటాయి, అవి మూయండి. డోరు రబ్బర్లు గట్టిపడి ఉంటే మార్చండి. వెనక సీటుకూ డిక్కీకీ మధ్య ఖాళీ కూడా మూయాలి. అది తెరిచి ఉంటే వెనక స్పీకర్ల ముందు గాలీ వెనక గాలీ కలిసిపోయి బేస్ చచ్చిపోతుంది.

ఇక స్పీకర్లు. మీ డాష్‌బోర్డు కింద ఉన్నది 4x10 అంగుళాలది. అదే కొలతలో రెండు వాయిస్ కాయిల్స్ (స్పీకరును కదిపే తీగచుట్టలు) ఉన్న స్పీకర్లు దొరుకుతాయి, ఎడమ కుడి రెండూ దానికే ఇవ్వచ్చు. లేదా అదే బొక్కకు సరిపోయే పలక మీద రెండు చిన్న స్పీకర్లు. మీ పాదాల పక్కన ఉండే కిక్ ప్యానెళ్లకు బదులు స్పీకరు బిగించిన ప్యానెళ్లు వస్తాయి. పాతవి విప్పి దాచుకోండి. రేడియోకి కూడా రెట్రోసౌండ్, కస్టమ్ ఆటోసౌండ్ లాంటి కంపెనీలు రెండు నాబుల పాత రూపంలోనే, అదే బొక్కలో కూర్చునే బ్లూటూత్ సెట్లు చేస్తున్నాయి.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. పాత రేడియోకు స్పీకరు వైరు ఒకటి కారు బాడీకే ఎర్త్ అయి ఉంటుంది. కొత్త సెట్లలో స్పీకరుకు వెళ్లే రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది, ఏదీ బాడీకి తగలకూడదు. నేను పాత వైరింగునే నమ్మి కలిపాను. రెండు నిమిషాల్లో కాలిన వాసన, సెట్టు పోయింది. ప్రతి స్పీకరుకూ కొత్తగా రెండేసి వైర్లు లాగండి. ప్లస్ మైనస్ అనుమానమొస్తే 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించండి. కోను బయటికి కదిలితే సెల్లు ప్లస్ తాకిన కొసే ప్లస్.

1000 వాట్లు వద్దంటున్నది కరెంటు లెక్క చూసి. ఆనాటి మామూలు ఆల్టర్నేటరు (ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) 37 ఆంపియర్లది. హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాను పోగా మిగిలేది కొంచెమే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అదీ ఉండదు. 1000 వాట్ల క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ పూర్తి జోరులో సుమారు 90 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు స్పీకర్లకు తలా 50 వాట్లు, డిక్కీలో మూసిన డబ్బాలో 10 అంగుళాల సబ్‌వూఫరుకు 200, ఈ కారుకు పుష్కలం. దీనికైనా 94 ఆంపియర్ల 12ఎస్ఐ మోడల్ ఆల్టర్నేటరు వేయించండి, దాని ఛార్జింగ్ వైరు కూడా లావుది మార్చండి. ఆంప్ వైరుకు ఫ్యూజు బ్యాటరీ నుంచి 18 అంగుళాల లోపే ఉండాలి. వైరు రేకు దాటేచోట రబ్బరు బుష్ తప్పనిసరి. ఎర్త్ వైరును పెయింటు గీకిన రేకు మీదే బిగించండి. యాక్సిలరేటరుతో పాటు పెరిగే కూత వినపడితే మొదట ఆ ఎర్త్ చూడండి. టకటకలాడితే స్పార్క్ ప్లగ్ వైర్లు రెసిస్టెన్స్ ఉన్నవి వేయండి.

ప్రశ్న: నా 1970 డాడ్జ్ ఛాలెంజర్‌లో ఆంప్ పెట్టాక డాష్‌బోర్డులోని అమ్మీటరు (కరెంటు కొలిచే మీటరు) ముల్లు పాటతో పాటే ఊగుతోంది. టెన్షన్ పడాలా?

జవాబు: పడాలండీ. ఆంప్ ఫ్యూజు ఈ రోజే తీసేయండి. మీ కారులో బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్ కరెంటంతా ఇంజను వెనక రేకులోని వైర్ల ప్లగ్గు గుండా లోపలికొచ్చి, ఆ మీటరు దాటి, అదే ప్లగ్గు గుండా తిరిగి వెళ్తుంది. ఆంప్‌ను బ్యాటరీకి కలిపారు కాబట్టి దాని కరెంటు కూడా ఆ దారినే పోతోంది. అన్నేళ్ల పాత పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్కు కరిగిపోతుంది. ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ ప్లస్‌కు ఫ్యూజిబుల్ లింకుతో (కరెంటు మరీ ఎక్కువైతే కాలి తెగిపోయే వైరు ముక్క) నేరుగా లావు వైరు వేయించి, అమ్మీటరు రెండు వైర్లనూ ఒకటిగా కలిపించి, దాని బదులు వోల్ట్‌మీటరు పెట్టించండి. ఈలోగా బ్యాటరీ కనెక్షన్ తీసి ఆ ప్లగ్గు విప్పి చూడండి. లావు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్కు రంగు మారి ఉంటే, పని పూర్తయ్యేదాకా కారు బయటికి తీయకండి.