నాన్న ఇంటి మీద సంతకం: అమ్మను ఎవరైనా అడిగారా?

ప్రశ్న: మేడం, నాకు 48 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. 1999లో పెళ్లయింది, డిగ్రీ చదువుతున్న కూతురు ఉంది. స్టీల్‌ప్లాంటులో రిటైరైన మా నాన్న ఎనిమిది నెలల కిందట పోయారు. కూర్మన్నపాలెంలో ఆయన జీతంతో కట్టిన ఇల్లు, ఆనందపురం వైపు మా ఊళ్లో తాతగారి నుంచి వచ్చిన రెండెకరాలు ఉన్నాయి. వీలునామా రాయలేదు. అమ్మ, అన్నయ్య వాళ్లు ఆ ఇంట్లోనే ఉంటారు. తమ్ముడిది హైదరాబాద్. ఇప్పుడు పొలానికి బేరం వచ్చింది, నా వాటా వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ మీద నన్ను సంతకం పెట్టమంటున్నారు. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎనిమిది తులాల బంగారం, లక్ష రూపాయల కట్నంతో నా వాటా అయిపోయిందట. ఇల్లు తనకేనని నాన్న పోయేముందు చెప్పారని అన్నయ్య అంటున్నాడు. అమ్మేమో ‘అన్నదమ్ముల్ని పోగొట్టుకోకమ్మా, పెట్టెయ్’ అంటోంది. మా ఆయన మాత్రం రోజూ సెంటు ఎంత పలుకుతోందో లెక్కలు వేస్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతకం పెట్టమనేవాళ్లు, పెట్టొద్దనేవాళ్లు అందరూ అందులో ఉన్నారు. మీకేం కావాలో మాత్రం ఒక్క వాక్యం లేదు. నాన్న పోయిన దుఃఖం గురించి కూడా రాయలేదు. దుఃఖపడే తీరిక మీకు ఎవరూ ఇచ్చినట్టు లేదు. కాబట్టి ముందుగా ఒక మాట. సంవత్సరీకం అయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. రిలీజ్ డీడే కాదు, ‘ఊరికే పొలం పాస్‌బుక్‌లో పేరు మార్పిడి కోసం’ అని తెచ్చే తెల్లకాగితం గానీ, పవర్ ఆఫ్ అటార్నీ గానీ వద్దు. బేరం పోతుందని కంగారు పెడతారు. అనకాపల్లి–ఆనందపురం ఆరు వరుసల రోడ్డు పడ్డాక అటువైపు భూమికి బేరాలు రావడం ఆగలేదు. ఇది పోతే ఇంకొకటి వస్తుంది. రిజిస్టరైన రిలీజ్ డీడ్‌ను వెనక్కి తీసుకోవడం మాత్రం అంత తేలిక కాదు. మోసం చేశారనో బలవంతపెట్టారనో కోర్టులో నిరూపించాలి, అందుకు ఏళ్లు పడుతుంది.

ఇక హక్కు సంగతి. ఇల్లు నాన్న స్వార్జితం. వీలునామా లేకుండా పోయారు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతురికి సమాన వాటాలు. మీ ఇంట్లో నలుగురు, అంటే తలా నాలుగో వంతు. ఇది కొత్త సంగతేమీ కాదు, 1956 నుంచీ ఉన్నదే. ‘నాన్న అన్నారు’ అన్న మాటను నేను అబద్ధమనను. పోయే ముందు, తనను చూసుకుంటున్న కొడుకుతో అని ఉండవచ్చు. కానీ నోటిమాట వీలునామా కాదు. కాగితం మీద రాసి, ఆయన సంతకం చేసి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టి ఉంటేనే అది చెల్లుతుంది. అలాంటి కాగితం ఏదైనా తర్వాత బయటికి వస్తే, రిజిస్టర్ కాలేదు కదా అని కొట్టిపారేయకుండా లాయరుకు చూపించండి.

పొలం లెక్క కొంచెం వేరు. అది ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే మీరు అన్నదమ్ములతో పాటు పుట్టుకతోనే హక్కుదారు. కేంద్రం ఈ మార్పు తెచ్చింది 2005లో. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. ఆ రోజుకి పెళ్లికాని ఆడపిల్లలందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. ఆనాటికి మీకు ఎనిమిదేళ్లు ఉండి ఉంటాయి. మీరు పలక పట్టుకుని బడికి వెళ్లే రోజుల నుంచే ఆ పొలంలో మీకు వాటా ఉందన్నమాట. అంతకుముందే పెళ్లయిన అక్కలకు మాత్రం 2005 సవరణ వచ్చేదాకా ఆ హక్కు రాలేదు. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న పేచీని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేసింది, దానితో పనిలేదని చెప్పింది.

ఆ లెక్కన రెండెకరాలను మీ ముగ్గురు తోబుట్టువులకీ నాన్నకీ నాలుగు వాటాలు చేస్తే ఒక్కొక్కటి 50 సెంట్లు. నాన్న 50 సెంట్లు మళ్లీ అమ్మతో కలిపి మీ నలుగురికీ పంచితే తలా పన్నెండున్నర. మీకు అరవై రెండున్నర సెంట్లు, అమ్మకు పన్నెండున్నర. అయితే తాత నుంచి వచ్చిందంతా ఉమ్మడి ఆస్తి కానక్కర్లేదు. 1956 తర్వాత తాతగారు పోయి, ఆయన సొంత భూమి నాన్నకు వారసత్వంగా వచ్చి ఉంటే అది నాన్న సొంత ఆస్తిగానే లెక్క. అప్పుడు నలుగురికీ తలా 50 సెంట్లు. ఏది నిజమో పాత దస్తావేజులు చూసిన లాయరే చెప్పాలి. ఎలా చూసినా మీ వాటా సున్నా కాదు.

పసుపు కుంకుమ మాటకొస్తాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది అదేనని అనిపిస్తోంది. మన దగ్గర పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు సెంటో కుంటో రాసిచ్చిన తండ్రులు ఉన్నారు. అది ప్రేమతో నడిచిన మంచి ఆచారం. రానురాను అదే మాట ఆడపిల్ల నోరు మూయించడానికి వాడుతున్నారు. ఎనిమిది తులాల బంగారం మీకు పెట్టినది, మీ స్త్రీధనం. దాన్ని చూపించి వారసత్వం చెల్లిపోయిందని చట్టం ఎక్కడా అనదు. ఇక ఆ లక్ష రూపాయలు మీ చేతికి వచ్చాయా? అత్తవారింటికి వెళ్లి ఉంటాయి. కట్నం ఎవరు పుచ్చుకున్నా దాన్ని ఆ అమ్మాయికే అప్పగించాలని 1961 నాటి కట్న నిషేధ చట్టంలోనే ఉంది. ఈ సంగతి రోజూ సెంటు ధర చెబుతున్న మీ ఆయనకు కూడా నెమ్మదిగా చెప్పండి. మీకు వచ్చే వాటా పూర్తిగా మీ సొంతం. దాన్ని ఉంచుకోవడమా, అమ్మడమా, కూతురి పేర పెట్టడమా అన్నది మీ ఇష్టం. ఆయన సలహా చెప్పవచ్చు, నిర్ణయం మాత్రం మీదే.

ఇక అమ్మ. ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆవిడ మాటే. ‘పెట్టెయ్’ అంటున్న ఆ తల్లి ఆ ఇంట్లో నాలుగో వంతుకు యజమాని. ఆ సంగతి ఆవిడకు ఎవరైనా చెప్పారా? మీతో పాటు ఆవిడ చేత కూడా రిలీజ్ డీడ్ రాయిస్తున్నారేమో కనుక్కోండి. చాలా ఇళ్లలో కూతురి వాటా మీదే గొడవంతా జరుగుతుంది, తల్లి వాటా చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతుంది. కొడుకు మంచివాడే కావచ్చు. కానీ రేపు పరిస్థితి మారితే, ఆ ఇంట్లో ఆవిడ ఎవరి దయ మీద ఉండాలి? ఆవిడ ఇష్టపడి కొడుక్కి రాసిస్తానంటే ఆపకండి. తనను చూసుకోవాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించండి. అలా రాస్తే, చూసుకోని పక్షంలో 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద దాన్ని రద్దు చేయించుకునే వీలుంటుంది.

అన్నదమ్ములు దూరమవుతారన్న భయం నాకు తెలుసు. తీసిపారేసే భయం కాదది. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో, పుట్టిల్లు నిలుస్తుందని సంతకం పెట్టి, ఆ తర్వాత కూడా పండక్కి పిలుపు రాక ఏడ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఏడుపు భూమి కోసం కాదు. ‘నన్ను ఒక్క మాట అడగలేదు, సంతకానికి మాత్రం పిలిచారు’ అన్నదే వాళ్ల బాధ.

నాన్న జబ్బు రోజుల్లో అన్నయ్య ఆసుపత్రి ఖర్చు పెట్టి, రాత్రుళ్లు మెలకువగా ఉండి ఉంటే ఆ కష్టానికి విలువ ఉంది. చేసిన అప్పు లెక్క అడిగి, పంపకానికి ముందే దాన్ని ఆస్తిలోంచి తీర్చుదామనండి. కావాలంటే మీ వాటాలో కొంత వదులుకోండి కూడా. ఒప్పుకుంటాను. అయితే హక్కు ఎంతో తెలుసుకుని ఇష్టంగా ఇవ్వడం వేరు, లేదనుకుని పోగొట్టుకోవడం వేరు. అన్నయ్యతో ఇలా అనవచ్చు: ‘అన్నయ్యా, నేను కోర్టుకు వెళ్తానని అనడం లేదు. నాన్న సంవత్సరీకం కానీ. తమ్ముణ్ణి కూడా పిలిచి, అమ్మను మధ్యలో కూర్చోబెట్టి, కాగితాలన్నీ ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.’ వదినతో గానీ ఫోన్ మెసేజుల్లో గానీ ఈ మాట నడపకండి.

ఈలోగా చడీచప్పుడు లేకుండా కొన్ని పనులు చేసుకోండి. ఇంటికి, పొలానికి ఈసీ (వాటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. పొలం ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో చెప్పే 1బి, అడంగల్ రికార్డులను మీభూమి వెబ్‌సైట్‌లో చూడండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో అమ్మ పేరు, మీ పేరు ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి, ఆడపిల్లల పేర్లు జారిపోయేది అక్కడే. పాస్‌బుక్‌లో అన్నదమ్ముల పేర్లు ఎక్కినంత మాత్రాన మీ హక్కు పోదు, కానీ మీకు తెలియకుండా అమ్మకం జరిగితే చిక్కే. పాత పంపకం అయిపోయిందని ఎవరైనా అంటే, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన కాగితమో కోర్టు డిక్రీయో చూపించమనండి. లాయరు ఫీజు గురించి భయం వద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. విశాఖలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. కేసు వేయకముందే ఇరువైపులా పిలిచి మాట్లాడించి రాజీ కుదిర్చే పద్ధతి అక్కడ ఉంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు తీర్పుతో సమానం.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. నేను పైన చెప్పిన చట్టం హిందువులకు. ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ నియమాలు వేరు. పాడేరు, అరకు వైపు గిరిజన అక్కచెల్లెళ్లకు ఈ చట్టం వర్తించదు, అక్కడ తెగ ఆచారమే నడుస్తుంది. అయినా ‘మా ఆచారంలో ఆడదానికి లేదు’ అన్న ఒక్క మాటతో వెనక్కి వెళ్లకండి. ఆడదన్న కారణంతో వాటా లేదనడం సమానత్వానికి విరుద్ధమని 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆచారం నిజంగా ఉందని అడ్డుపడేవాళ్లే రుజువు చేయాలి. మీరూ 15100కి ఫోన్ చేయవచ్చు.

మళ్లీ మీ దగ్గరికి. ఈ ఆదివారం కూర్మన్నపాలెం వెళ్లండి. వాటా మాట ఎత్తకండి. అమ్మ పక్కన కూర్చుని, అన్నయ్య వాళ్లు లేనప్పుడు, ‘ఈ ఇంట్లో నీకేం కావాలమ్మా?’ అని అడగండి. వెంటనే జవాబు చెప్పకపోవచ్చు, ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ అలా అడిగి ఉండరు. ఆగండి. ఆవిడ ఏం చెప్పిందో నాకు రాయండి. అలాగే మీకేం కావాలో కూడా, ఈసారి తప్పకుండా.