"సగమైపోయావేమిటి" అని అడిగేవాళ్ళకు ఏం చెప్పాలి?

విదేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అడిగే సందేహాల్లో ఎక్కువ భాగం వీసా, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా చుట్టూ తిరుగుతాయి. వాటికి జవాబు చెప్పడం తేలిక. ఈ మధ్య తరచుగా వింటున్న సందేహం మాత్రం వేరు. ఆరోగ్యం కోసం బరువు తగ్గడం మొదలుపెట్టారు, తగ్గుతున్నారు, కానీ మాటలు పడలేకపోతున్నారు. ఇంటికి ఫోను చేస్తే "సగమైపోయావేమిటి" అంటారు. ఆఫీసులో "భలే తగ్గారే, రహస్యమేమిటి" అంటారు. తెలిసినవాళ్ళు నలుగురు కలిస్తే "ఎన్ని కిలోలు తగ్గావు, ఇంకెన్ని తగ్గాలి" అని లెక్క అడుగుతారు. "ఎవరికి ఏం చెప్పాలండీ" అని నన్ను అడిగేవాళ్ళ గొంతులోనే అలసట తెలిసిపోతుంది.

నేను వాళ్ళకు చెప్పేది ఒక్కటే. పైకి వినిపించిన మాటకు జవాబు వెతుక్కోకండి. ఆ మాట అన్న మనిషి అసలు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో చూసి, దానికి జవాబు చెప్పండి. ఏదో అనాలని అన్నవాళ్ళయితే ఒక్క ముక్కతో ముగించండి.

ముందు ఇంట్లోవాళ్ళ సంగతి. దూరంలో ఉన్నవాళ్ళకు ఇదే పెద్ద చిక్కు. మీరు రోజూ అద్దంలో చూసుకుంటారు కాబట్టి మార్పు కొద్దికొద్దిగా తెలుస్తుంది. అమ్మానాన్నలకు మీరు కనబడేది అరచేయంత తెరలో, అందులోనూ ముఖం మాత్రమే. బరువు తగ్గేవాళ్ళలో చాలామందికి మార్పు మొదట బయటపడేదీ ముఖంలోనే. దానికి తోడు రోజంతా పనిచేసి, తలమీద దీపం వెలుగుతుండగా, ఫోను ఒళ్ళో పెట్టుకుని మాట్లాడతారు. కళ్ళ కింద నీడ, బుగ్గల్లో గుంట. అవతల కూర్చున్న తల్లికి పీక్కుపోయిన ముఖం తప్ప ఇంకేం కనబడుతుంది? పగటి వెలుతురులో మాట్లాడండి. ఫోను ఎక్కడైనా ఆనించి పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి మనిషి మొత్తం కనబడేలా నిలబడండి. చిన్న పనే, కానీ సగం భయం అక్కడే తీరిపోతుంది.

నాకు తెలిసిన ఒక కుర్రాడికి వాళ్ళమ్మ ఫోను ఎత్తగానే "ఏదీ, ఇటు తిరుగు" అనేవారు. తిరిగితే "మెడ ఎముకలు కనబడుతున్నాయిరా" అనేవారు. విసుగొచ్చి అతడు వీడియో మానేసి, గొంతు మాత్రమే వినబడేలా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది. కొడుకు ఏదో దాస్తున్నాడని ఖాయం చేసుకున్నారు. చివరికి అతడు తన రక్తపరీక్షల కాగితం తెరకు దగ్గరగా పెట్టి, షుగర్ నిరుడు ఎంత, ఇప్పుడు ఎంత అని వేలితో చూపించాడు. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివారు. ఇప్పుడు మెడ ఎముకల ఊసు లేదు. "మళ్ళీ పరీక్ష ఎప్పుడు" అని అడుగుతారట.

ఆ తల్లి అడిగింది బరువు గురించి కానే కాదు. అంత దూరంలో నా బిడ్డకు ఒంట్లో బాగుందా, ఉద్యోగం ఉందా, జ్వరం వస్తే చూసేవాళ్ళున్నారా అన్నది ఆవిడ ప్రశ్న. ఎదురుగా ఉంటే నుదురు తాకి తెలుసుకునేది, దూరమవడం వల్ల కంటితో కొలుస్తున్నారు. అందుకే "నేను తగ్గాలనుకునే తగ్గుతున్నాను, వదిలెయ్యమ్మా" అంటే వాళ్ళకు ఏమీ చెప్పినట్టు కాదు. "డాక్టరును అడిగే చేస్తున్నానమ్మా, రాత్రి నిద్ర బాగా పడుతోంది, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు, బీపీ కూడా తగ్గింది" అని చెప్పండి. కిలోల లెక్క వాళ్ళను భయపెడుతుంది. నిద్ర, ఆయాసం, బీపీ, షుగర్ వాళ్ళకు అర్థమయ్యే లెక్కలు.

"ఇంత కష్టపడితే ఐదారు కిలోలేనా, దానికేం ఒరుగుతుంది" అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు చెప్పదగిన సంగతి ఒకటుంది. అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ పేరుతో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకు 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టారు. మామూలు సలహాతో సరిపెట్టినవారితో పోలిస్తే, సుమారు మూడేళ్ళలో వాళ్ళు షుగర్ బారిన పడటం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోల పైచిలుకు మాత్రమే. చూసేవాళ్ళ కంటికి పెద్దగా ఆనకపోవచ్చు, ఒంటికి మాత్రం తెలుస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే మాట "నువ్వేం లావున్నావని తగ్గడం?" ఇది మనవాళ్ళ కన్నా ఇతర దేశాల స్నేహితుల నోట ఎక్కువగా వింటారు. వాళ్ళు మనస్ఫూర్తిగానే అంటారు, వాళ్ళ కళ్ళకు మీరు సన్నగానే కనబడతారు. కానీ మన శరీరాల తీరు వేరు. అదే ఎత్తు, అదే బరువు ఉన్న ఐరోపా జాతివారితో పోలిస్తే దక్షిణాసియా వాళ్ళ ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, అది పొట్ట చుట్టూ చేరడమూ ఎక్కువ. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. అది 25 దాటితే అధిక బరువన్నది అందరికీ చెప్పే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో ఆసియా వాసులకు 23 దగ్గర, 27.5 దగ్గర అదనంగా హెచ్చరిక గీతలు సూచించింది. 170 సెంటీమీటర్ల మనిషి 70 కిలోలుంటే బీఎంఐ 24 దాటుతుంది. నలుగురిలో నిలబడితే ఆ మనిషిని ఎవరూ లావు అనరు. డాక్టరు మాత్రం జాగ్రత్త అనవచ్చు. ఇదంతా స్నేహితులకు వివరించనక్కర్లేదు. "మా కుటుంబాల్లో షుగర్ ఎక్కువ, అందుకే జాగ్రత్త పడుతున్నాను" అంటే చాలు, మరి రెట్టించరు. వివరం మీకు తెలిసి ఉంటే మీ మనసు మీద ఆ మాట పనిచేయదు.

ఆఫీసులో రెండు రకాల ఇబ్బంది ఉంటుంది. కొందరు అసలు ఏమీ అనరు. ఇంత తగ్గినా ఒక్కరైనా గమనించలేదే అని కొత్తవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. గమనిస్తారు. ఎదుటివాళ్ళ శరీరం గురించి మాట్లాడటం మర్యాద కాదని ఊరుకుంటారు, ఆ మౌనాన్ని మన్నించండి. ఇంకొందరు కనబడ్డప్పుడల్లా మెచ్చుకుంటారు. దీనితోనే జాగ్రత్తగా ఉండాలంటాను. మెచ్చుకోలు రుచి మరిగితే, అది ఆగిన రోజున ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఆగడం ఖాయం, ఎందుకంటే బరువు ఒకే వేగంతో తగ్గదు. మొదట్లో వేగంగా తగ్గేదాంట్లో నీటి పాలు ఎక్కువ. తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో ఒంట్లో నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతోనూ సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది, ఆ నిల్వ తరిగితే నీరూ పోతుంది. తరువాత వేగం మందగిస్తుంది. ఒక్కోసారి వారాల తరబడి ముల్లు కదలదు. ఉప్పు కాస్త ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా కిలో పెరిగినట్టే చూపిస్తుంది.

అందుకే మీ అంకెలు ఎవరికీ చెప్పకండి. ఎంత ఉండేవారు, ఎంతకు వచ్చారు, ఎక్కడికి చేరాలనుకుంటున్నారు, ఈ మూడూ మీ దగ్గరే ఉంచుకోండి. ఒకసారి చెప్పారంటే మీ లెక్కల పుస్తకం అవతలివాళ్ళ చేతికి ఇచ్చినట్టే. సరిగ్గా ముల్లు మొరాయించిన నెలలోనే "ఈ నెల ఎంత తగ్గారు" అని పలకరిస్తారు. అడిగితే నవ్వి, "కాస్త తేలిగ్గా అనిపిస్తోంది, అది చాలు. మీరెలా ఉన్నారు?" అని మాట మార్చండి. అది దాపరికం అనిపించుకోదు.

ఇంకో ప్రశ్న ఈ మధ్యే మొదలైంది. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను బరువు తగ్గడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో అనుమతించింది. అప్పటి నుంచి ఎవరు తగ్గినా "ఇంజెక్షన్లా?" అని అడిగేవాళ్ళు తయారయ్యారు. వాడుతున్నారా లేదా అన్నది మీ వైద్యానికి సంబంధించిన విషయం. "అవన్నీ మా డాక్టరు చూసుకుంటున్నారు" అని ఊరుకోవచ్చు. వాడటంలో సిగ్గుపడవలసిందేమీ లేదు, బీపీ మాత్ర వేసుకున్నందుకు ఎవరైనా సిగ్గుపడతారా? ఒక్కటి మాత్రం చేయకండి. మందు వాడుతూ "ఊరికే నడిచాను, తగ్గిపోయింది" అని చెప్పకండి. ఆ మాట నమ్మి నెలల తరబడి నడిచి, తన వల్ల కావడం లేదని కుంగిపోయే మనిషి మీ ఎదురుగానే ఉండవచ్చు. చెప్పకపోవడం మీ హక్కు, అబద్ధం చెప్పడం వేరు.

మనవాళ్ళ మధ్య అసలు ఇబ్బంది మాట కన్నా అది అనే చోటు. గదినిండా మనుషులుండగా ఎవరో పెద్దావిడ గుమ్మం దగ్గరి నుంచే "ఏమ్మా, గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు, ఒంట్లో ఏమైనా తేడా చేసిందా" అంటారు. తలలన్నీ మీవైపు తిరుగుతాయి. అప్పుడు సంజాయిషీ మొదలుపెట్టారంటే ఆ పూటంతా మీ ఒళ్ళే చర్చనీయాంశం. "బాగున్నానండీ ఆంటీ, మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది" అని నమస్కారం పెట్టి లోపలికి నడవండి. మళ్ళీ మళ్ళీ అదే జరుగుతుంటే, విడిగా దొరికినప్పుడు నెమ్మదిగా చెప్పండి: "ఆంటీ, మీరు నా మేలు కోరే అడుగుతున్నారని తెలుసు. అందరిలో నా ఒంటి గురించి వస్తే ఇబ్బందిగా ఉంటోంది. ఏదైనా ఉంటే నన్ను పక్కకు పిలిచి అడగండి." పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఈ మాటకు నొచ్చుకోరు. పదిమందిలో ఎదురు చెబితే మాత్రం ఎవరైనా నొచ్చుకుంటారు. ఇంట్లో పిల్లలుంటే ఇంకో జాగ్రత్త అవసరం. "ఇదివరకు ఎంత అసహ్యంగా ఉండేదాన్నో" అని మీ గురించి మీరే అనకండి. పిల్లలు ఆ మాటను తమ ఒంటికి అన్వయించుకుంటారు.

ఒక గదిలో ఉండే స్నేహితులు "నువ్వు మారిపోయావు, సరదా పోయింది" అనడమూ మామూలే. వాళ్ళతో గడిపే సమయం తగ్గించకండి, ఆ మాట దానంతట అదే తగ్గుతుంది.

ఇన్ని మాటల్లో చెవిన పెట్టవలసినవీ కొన్ని ఉన్నాయి. మీతో కలిసి ఉండేవాళ్ళు "ఈ మధ్య ఊరికే చిరాకుపడుతున్నావు, లేచి నిలబడితే తూలుతున్నావు, జుట్టు బాగా రాలుతోంది" అంటే అది వ్యాఖ్య అనుకుని కొట్టిపారేయకండి. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గడం మామూలుగా వైద్యులు చెప్పే వేగం. మరీ వేగంగా తగ్గితే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది, రెండు మూడు నెలలు గడిచాక జుట్టు రాలడం మొదలవుతుంది. షుగర్‌కో బీపీకో మందులు వాడుతూ తగ్గుతున్నవాళ్ళకు పాత మోతాదు ఎక్కువైపోయి నీరసం, తల తిరగడం రావచ్చు. మాత్రలు సొంతంగా ఆపకుండా వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. తినాలంటేనే భయం వేస్తున్నా, తిన్నది దాచవలసి వస్తున్నా, ఎవరైనా మెచ్చుకుంటే ఇంకా తగ్గాలనే పట్టుదల పెరుగుతున్నా ఆ సంగతి కూడా వైద్యుల దగ్గర పైకి చెప్పండి.

మరొకటి, ఇది కొత్తగా వచ్చినవాళ్ళ కోసమే రాస్తున్నాను. ఒంటరితనంతోనో ఉద్యోగ భయంతోనో ఆకలి చచ్చిపోయి తగ్గుతూ, అడిగినవాళ్ళతో "కావాలనే తగ్గుతున్నాను" అనేవాళ్ళను చూశాను. మీరు ప్రయత్నించకుండానే ఆరు నెలలు, ఏడాది కాలంలో 5 శాతం తగ్గితే డాక్టరును కలవాలి. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలే. ఇంట్లోవాళ్ళు "చిక్కిపోయావు" అన్నది అప్పుడు నిజమే అయి ఉంటుంది. ఆ రోజు ఈ చిట్కాలేవీ వాడకండి. "అవునమ్మా, మనసు బాగాలేదు" అని చెప్పండి.

ఇక ఇంటికి వెళ్ళే ప్రయాణం. చాలాకాలానికి చూసేవాళ్ళందరూ ఒక్కసారిగా మీద పడతారు కాబట్టి ముందే ఏర్పాటు చేసుకోండి. బయలుదేరే రెండు మూడు నెలల ముందు నుంచి మనిషి మొత్తం కనబడే ఫోటోలు పంపుతూ ఉండండి. అక్కకో తమ్ముడికో అసలు విషయం చెప్పి, అడిగినవాళ్ళకు మీ తరఫున జవాబు చెప్పే పని వాళ్ళకు అప్పగించండి. తాజా పరీక్షల కాగితాలు చేతి సంచిలో, పైనే పెట్టుకోండి. నాన్నగారు అడిగిన వెంటనే తీసి ఇవ్వడానికి వీలుగా ఉంటుంది.