ఒక్క ఏడాదే విభాగం దాకా పోయిన ఖోఖో జట్టు మళ్ళీ ఎందుకు పోలేకపోతుంది?

ప్రశ్న ఇది: "మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో జిల్లా పరిషద్ హైస్కూల్. అమ్మాయిల అండర్-17 ఖోఖో జట్టు ఒక ఏడాది గడ్చిరోలిలో జిల్లా గెలిచి నాగపూర్ విభాగం పోటీలకు పోయింది. ఊరంతా ఇప్పటికీ ఆ జట్టునే తలుచుకుంటుంది. ఆ తర్వాత రెండేళ్ళూ తాలూకాలోనే ఓడి ఇంటిముఖం పట్టాం. నేను కొత్తగా వచ్చిన టీచర్ని. ఏం చేయాలి?"

సార్, ముందు ఆ గెలిచిన ఏడాది జట్టు జాబితా బయటికి తీయండి. 12 మంది పేర్ల పక్కన అప్పుడు ఏ తరగతో రాయండి. ఇలాంటి బడుల్లో దాదాపు ఎప్పుడూ కనిపించేది ఒకటే. తొమ్మిది పది మంది పదో తరగతి వాళ్ళే ఉంటారు. ఆరో తరగతి నుంచి కలిసి ఆడిన పిల్లలు ఒకేసారి చేతికొచ్చారు, ఒకేసారి బడి దాటిపోయారు. మామిడి చెట్టు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ఉత్తగా నిలబడ్డట్టు. పిల్లలు సోమరులు కాలేదు, నేర్పేవాళ్ళూ చెడలేదు. లెక్క తప్పిందంతే.

కాబట్టి జట్టు కట్టేటప్పుడు 12 మందిలో పదో తరగతి 5, తొమ్మిది 4, ఎనిమిది 3 ఉండేలా చూడండి. ఈ ఏడాది ఎనిమిదో తరగతి పిల్ల కంటే పదో తరగతి పిల్ల కొంచెం బాగా ఆడుతుంది, నిజమే. అయినా బెంచీ మీద ఉండే ముగ్గురు చిన్నవాళ్ళే కావాలి. మైదానంలో దిగేది 9 మందే కదా. ఆ చిన్నవాళ్ళు పెద్ద పోటీల చప్పుడు ఒక్కసారి చూసి వస్తే మరుసటి ఏడు కాళ్ళు వణకవు.

వయసు లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. స్కూల్ గేమ్స్‌లో కటాఫ్ డిసెంబరు 31. 2024-25లో అండర్-17 అంటే 2008 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు. ఏటా ఒక్కో సంవత్సరం కలుపుకుంటూ పోండి. బడిలో చేర్చేటప్పుడు ఎవరో ఒకరు నోటికొచ్చిన తేదీ రాయించేయడం మన ఊళ్ళలో మామూలే. పదో తరగతి పిల్ల రిజిస్టర్‌లో ఒకటి రెండు నెలల తేడాతో కటాఫ్ దాటి ఉంటుంది. ఆ సంగతి ఆగస్టులో కాదు, బడి తెరిచిన మొదటి వారంలోనే తెలియాలి.

మన సరిహద్దు పిల్లలకు ఇంకో చిక్కుంది, నాగపూర్ వాళ్ళకు అది అర్థం కాదు. తొలి కాన్పు పుట్టింట్లో అవుతుంది. పుట్టిల్లు ప్రాణహిత అవతలో గోదావరి అవతలో ఉంటే జనన పత్రం తెలంగాణది, బడి రిజిస్టర్ మరాఠీది, ఆధార్ మూడో రకం. తెలుగువాళ్ళు ఇంటిపేరు, పేరు రాసి ఆపేస్తారు. మరాఠీ ఫారంలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు మూడూ కావాలి. ఇంటిపేరు ఉండాల్సిన గడిలో తండ్రి పేరు పడితే ఎంట్రీలో ఒక మనిషి, గుర్తింపు కార్డులో ఇంకో మనిషి. ఎదుటి జట్టు అభ్యంతరం పెడితే పోటీ రోజున చెప్పుకోలేం. 12 మందికి కాదు, 16 మందికి కాగితాలు సిద్ధం చేయండి. జనన పత్రం, ఆధార్, జనరల్ రిజిస్టర్ నకలు నాలుగు కాళ్ళ బల్ల మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పడుతుంది.

ఇక ఆట. తాలూకా స్థాయిలో ఓడిపోయే జట్లు పరుగు చాలక ఓడేది తక్కువ, ఫౌళ్ళతో ఓడేదే ఎక్కువ. ఖో ఇచ్చే క్షణాన్ని దగ్గరగా చూడండి. వెనకనుంచి చేత్తో తాకడం, "ఖో" అనడం రెండూ ఒక్కసారే జరగాలి. పిల్లలు ఆత్రంలో అరచేయి తగలకముందే అరుస్తారు, లేదా కూర్చున్న పిల్ల అరుపు విని తాకకముందే లేస్తుంది. రెండూ ఫౌలే. అంపైర్ ఈల వేసి చేజర్‌ను (తరిమే పిల్లను) వెనక్కి పంపిస్తాడు, ఆ ఫౌల్ మీద దొరికిన అవుట్ చెల్లదు.

రెండోది భుజం. లేచిన పిల్ల అడుగు వేయకముందే రన్నర్ (తప్పించుకునే పిల్ల) ఎటుందో చూద్దామని భుజాలు తిప్పుతుంది. భుజం ఎటు తిరిగితే అదే దిక్కు తీసుకున్నట్టు లెక్క. రన్నర్ అది చూసే రెండో వైపు కోస్తుంది. మన పిల్ల మనసు మార్చుకుని తిరిగిందా, ఫౌల్. అందుకే కూర్చునే తీరు నుంచి మొదలుపెట్టాలి. మడమలు ఎత్తి వేళ్ళ మీద బరువు, ఒక కాలు అర అడుగు వెనక, చేతులు నేలను తాకుతూ తాకనట్టు, తల మాత్రమే తిరగాలి, భుజాలు తిరగకూడదు. ఎనిమిది మందీ ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు కాబట్టి, ప్రతి పిల్లకూ తన వెనక జరిగేది వినికిడి మీదే తెలియాలి.

దీనికి ఒక సాధన చాలు. రన్నర్ లేకుండా ఒక పోల్ (కోర్టు చివర పాతిన కర్ర) నుంచి ఇంకో పోల్ దాకా 8 ఖోలు వరుసగా ఇప్పించండి. పక్కన ఒక పిల్ల నిలబడి ఫౌల్ మాత్రమే చూస్తుంది. ఒక్క ఫౌల్ పడినా మళ్ళీ మొదటి నుంచి. ఐదు సార్లు శుభ్రంగా వచ్చాకే వేగం పెంచండి. మొదటి పది రోజులు పిల్లలకు విసుగొస్తుంది, రానీయండి. తర్వాత ఒక రన్నర్, ఆపై ముగ్గురు.

పోల్ దగ్గర ఇంకో రకం తప్పు జరుగుతుంది. చేజర్ పోల్ గీత దాటితేనే దిక్కు మార్చుకోవచ్చు. ఆ గీత అవతల ఫ్రీ జోన్‌లో ఆమెకు దిక్కు కట్టుబాటు ఉండదు. కాబట్టి రన్నర్ అక్కడ నిలబడితే తనంతట తాను వలలో పడ్డట్టే. చేజింగ్‌లో మీకు పోల్ పట్టుకుని ఒరిగి తాకగల పిల్లలు ఇద్దరైనా ఉండాలి, వాళ్ళను రెండు చివరలా కూర్చోబెట్టండి. ఎత్తున్న పిల్లలకే ఇది వస్తుందనుకోకండి. పోల్ పట్టే చేయి కింద ఉంటే ఒరుగు తగ్గుతుంది, పైన పట్టడం నేర్పితే పొట్టి పిల్లకూ అందుతుంది.

డిఫెన్స్‌లో తొమ్మిది మందీ ముగ్గురు ముగ్గురుగా దిగుతారు కదా. టర్న్ (ఒక జట్టు తరిమే వంతు) 9 నిమిషాలు. ముగ్గురిలో వెంటాడేది ఒకరినే అయినా, మిగతా ఇద్దరు ఎక్కడ నిలబడ్డారన్నదే ప్రాణం. ఇద్దరూ ఒకే పోల్ వైపు చేరితే ఒక చేజ్‌లో ఇద్దరూ పోతారు. అలా చేరేది భయం వల్ల. తోడు ఉంటే ధైర్యమనుకుంటారు. "నీ బ్యాచ్ పిల్ల ఎటు పోతే నువ్వు రెండో చివర" అని ఒక్క సూత్రం నేర్పండి చాలు. చైన్ (కూర్చున్నవాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ పోవడం) ఆడేవాళ్ళూ రింగ్ (గుండ్రంగా తిరగడం) ఆడేవాళ్ళూ ఒకే బ్యాచ్‌లో కలిసి ఉంటే మంచిది. ముగ్గురూ చైనే ఆడితే ఎదుటివాళ్ళు రెండు నిమిషాల్లో లయ పట్టేస్తారు.

ఇంకో సంగతి, బ్యాచ్‌లో మూడో పిల్ల అవుట్ కాగానే తర్వాతి ముగ్గురు వెంటనే దిగాలి. ఆలస్యమైతే లేట్ ఎంట్రీ అవుట్, ఎవరూ తాకకుండానే పాయింటు పోతుంది. దిగాల్సిన ముగ్గురూ నీళ్ళు తాగుతూ కూర్చోకూడదు, గీత దగ్గర నిలబడి ఉండాలి. ఒక పాయింటు ఎంతో అనిపించదు గానీ, 2022లో టీవీలో వచ్చిన అల్టిమేట్ ఖోఖో లీగ్ మొదటి ఫైనల్లో ఒడిశా జగ్గర్‌నాట్స్ మన తెలుగు యోధాస్‌ను 46-45తో దాటింది ఆ ఒక్క పాయింటుతోనే.

ఆ టీవీ ఆట గురించి ఒక హెచ్చరిక. పిల్లలు అది చూసి వజీర్‌లా (దిక్కు కట్టుబాటు లేని చేజర్) ఎటైనా పరుగెత్తడం నేర్చుకొస్తారు. అందులో ఆడేది ఏడుగురు, టర్న్ 7 నిమిషాలు, తాకితే 2, డైవ్‌కు 3. మన స్కూల్ పోటీల్లో ఒక అవుట్‌కు ఒక పాయింటే, వజీర్ లేడు. జూన్‌లోనే ఈ తేడా నల్లబల్ల మీద రాసి చూపించండి.

ఒక వంద పేజీల నోట్‌బుక్ కొని ఆ గెలిచిన జట్టు దగ్గర లేనిది మీరు మొదలుపెట్టండి. ప్రతి ప్రాక్టీస్ మ్యాచ్‌లో రన్నర్ పేరు, ఎన్ని సెకన్లు నిలబడింది, ఎలా అవుటైంది (తాకుడు, పోల్ డైవ్, గీత దాటడం, లేట్ ఎంట్రీ) రాయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఇరవై మ్యాచ్‌ల తర్వాత ఆ పుస్తకమే జట్టును ఎంపిక చేస్తుంది. వేగంగా పరుగెత్తే పిల్ల 40 సెకన్లకే గీత దాటి పోతుంటుంది, మెల్లగా ఉన్న పిల్ల రెండు నిమిషాలు నిలబడుతుంటుంది. కంటికి ఇది తెలియదు, ఎందుకంటే కన్ను వేగాన్నే మెచ్చుకుంటుంది. సర్పంచ్ గారి బంధువుల పిల్లను ఎందుకు తీసుకోలేదని ఎవరైనా అడిగినా ఆ పేజీ తీసి చూపించొచ్చు.

మైదానం: కోర్టు 27 × 16 మీటర్లు, చుట్టూ ఒకటిన్నర మీటరు ఖాళీ కలిపితే 30 × 19, అంటే 570 చదరపు మీటర్లు. నల్లరేగడి అయితే జూలైలో పాదానికి కిలో మట్టి అంటుకుంటుంది, ఎండితే పర్రెలు విచ్చి చీలమండ తిరుగుతుంది. పైన 5 సెంటీమీటర్ల మొరం పరిచి తడిపి రోలర్ తిప్పాలంటే 28 ఘనపు మీటర్ల పైచిలుకు కావాలి. ట్రాక్టర్ ట్రాలీ 100 ఘనపుటడుగులు అనుకుంటే పది ట్రిప్పులు. డబ్బు లేకపోతే మధ్య గీత పొడవునా, రెండు పోళ్ళ చుట్టూ పోయించండి, అరిగేదీ జారేదీ ఎక్కువగా అక్కడే. వాన నీరు పోవడానికి ఒక పక్క కాస్త వాలు ఉంచండి. పోల్ నేల మీద 120 నుంచి 125 సెంటీమీటర్లు ఉండాలి, నునుపుగా ఉండాలి. పెచ్చులూడిన కర్ర పట్టుకుని డైవ్ చేస్తే అరచేయి చీరుకుపోతుంది. వానలు ఎడతెరిపి లేకుండా పడే వారాల్లో వరండాలో కూర్చునే తీరు, లేచే తీరు చేయించొచ్చు, దానికి నాలుగు గళ్ళ చోటు చాలు.

ప్రయాణం గురించి మీకు చెప్పక్కర్లేదు, గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైనే. జిల్లా పోటీకి ఒక రోజు ముందే చేరాలి. తెల్లవారుజామున బస్సెక్కి దిగీ దిగగానే ఆడిన జట్టు మొదటి టర్న్‌లోనే ఆగిపోతుంది. వాగులు పొంగి ఆలాపల్లి దారి మూతపడితే వంతెన దాటి మంచిర్యాల, చంద్రపూర్ మీదుగా పోవాల్సొస్తుంది, ఆ ఖర్చు ముందే పక్కన పెట్టండి. ఆడపిల్లలతో రాత్రి బస అంటే ఒక టీచరమ్మ తోడు లేనిదే తల్లిదండ్రులు పంపరు, పంపకపోవడం న్యాయమే. టీచరమ్మను జూలైలోనే ఒప్పించి పెట్టుకోండి.

గెలిచాక సర్టిఫికెట్ ఇచ్చిన చోటే పేరు చదివి చూసుకోండి. పదో తరగతి బోర్డులో ఆటలకు అదనపు మార్కులు దొరికేది ఆ కాగితం మీదే. పేరులో అక్షరం తేడా ఉంటే తర్వాత సరిచేయించుకోవడానికి ఇంటి పని మానుకుని మళ్ళీ గడ్చిరోలి పోవాలి. స్కోర్‌షీట్‌ను కూడా ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

చిన్న ఊరని పిల్లలు వెనక్కి తగ్గితే ఒకటి చెప్పండి. 2020లో అర్జున అవార్డు తెచ్చుకున్న సారికా కాళే ముంబై పిల్ల కాదు, కరువు జిల్లా ఉస్మానాబాద్ పిల్ల, ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు. మొట్టమొదటి జాతీయ ఖోఖో పోటీలు 1959-60లో జరిగింది పూణేలో కాదు, విజయవాడలో.

ఇప్పుడు మీ దగ్గర ఎనిమిదో తరగతిలో ఆడే పిల్లలు ఎంతమంది ఉన్నారో, మైదానం ఏ మట్టో, పోయినసారి తాలూకాలో ఎవరి చేతిలో ఎన్ని పాయింట్లతో ఓడారో రాయండి. స్కోర్‌షీట్ దొరికితే ఇంకా మేలు, చేజింగ్‌లో పోయిందో డిఫెన్స్‌లో పోయిందో చూసి మొదటి నెల ప్రాక్టీస్ ఎలా పెట్టుకోవాలో చెప్పొచ్చు.