తేదీ కుదిరాకే రాజీనామా

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నానక్‌రామ్‌గూడ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చిందనీ, రాజీనామా ఉత్తరంలో ఏం రాయాలో చెప్పమనీ అడిగావు. ఉత్తరం నాలుగు వాక్యాల పని, దాన్ని తర్వాత చూద్దాం. బాలానగర్‌లో ఫ్యాక్టరీ పర్సనల్ విభాగంలోనూ, ఆ తర్వాత మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ హెచ్‌ఆర్‌లోనూ కూర్చుని ఎందరి రాజీనామాలో అందుకున్నవాణ్ణి కనుక చెబుతున్నాను: ఉద్యోగం మానేవాళ్లు నష్టపోయేది ఎక్కువగా తేదీల దగ్గరే. అందుచేత ముందు నీ ఆఖరి పనిదినం ఏదో స్థిరపరచుకుని, మిగిలినవన్నీ అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకో.

నీ విషయమే తీసుకుందాం. వచ్చే జూలై రెండో వారంతో అక్కడ నీకు అయిదేళ్లు నిండుతాయి. నువ్వు అనుకుంటున్నట్టు వచ్చే సోమవారమే పేపర్లు పెడితే అరవై రోజుల నోటీసు జూన్ చివరికే అయిపోతుంది, అంటే రెండు వారాల తేడాతో గ్రాట్యుటీ దగ్గర, అదే ఏళ్ల తరబడి పనిచేసి వెళ్లేవాళ్లకు కంపెనీ ఇచ్చే సొమ్ము దగ్గర, చిక్కు తెచ్చుకున్నట్టవుతుంది. 1972 నాటి చట్టం నుంచి వస్తున్న లెక్క ప్రకారం, అయిదేళ్లు నిరంతరంగా పనిచేసినవారికి ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున ఇవ్వాలి. నెలను ఇరవై ఆరు రోజులుగా తీసుకుంటారు. లెక్కలోకి వచ్చే నీ వేతనం నెలకు 52,000 అనుకుంటే ఏడాదికి 30,000, అయిదేళ్లకు లక్షన్నర. నాలుగేళ్ల మీద 240 రోజులు పనిచేసినా చాలునని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉన్న మాట నిజమే, మీ స్నేహితురాలు చెప్పింది దాని గురించే అయివుంటుంది. కాని దాన్ని మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందుగా అడిగితే నీ ఉద్దేశం బయటపడుతుంది, అడగకుండా మానేస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య భవన్‌లోని కార్మిక శాఖ మెట్లెక్కి వాదించుకోవలసి రావచ్చు. అంతకన్నా చేరే తేదీని రెండు వారాలు జరపమని కొత్త కంపెనీని అడగడం తేలిక. నిన్ను ఎంచుకున్నవాళ్లు ఆ మాత్రానికి వెనక్కి తగ్గరు, తగ్గితే అటువంటి చోట చేరడం గురించే మరొకసారి ఆలోచించాలి. వాళ్లు ఒప్పుకున్నట్టు ఫోనులో చెబితే చాలదు, కొత్త తేదీతో ఆఫర్ లెటర్ మెయిల్‌లో రావాలి. అది చేతికి వచ్చేదాకా మీ ఆఫీసులో ఎవరి దగ్గరా నోరు విప్పకు.

తర్వాత నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీసు గురించిన షరతు పూర్తిగా చదువు. నోటీసు మెయిల్ పంపిన రోజు నుంచి మొదలవుతుందా, మేనేజర్ అంగీకరించిన రోజు నుంచా? అరవై అంటే సెలవులతో కలిపి అరవయ్యేనా, పనిదినాలా? ఆ కాలంలో పెట్టిన సెలవులకు నోటీసు పొడిగిస్తారా? ముందే వెళ్లాలంటే కట్టవలసిన సొమ్ము మూలవేతనం మీద లెక్కిస్తారా, మొత్తం జీతం మీదనా? ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రకంగా రాసుకుంటుంది కనుక పక్క సీటువాళ్ల అనుభవం నీకు పనికిరాదు. బాండ్ మీద సంతకం పెట్టావేమో కూడా చూడు. మానేసిన తర్వాత పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. కాని కనీసం ఇన్నేళ్లు పనిచేయాలి, లేకపోతే ఇంత కట్టాలి అనే బాండ్ సంగతి వేరు. మూడేళ్లు నిండకుండా వెళ్లిన ఉద్యోగి దగ్గర రెండు లక్షలు వసూలు చేసిన ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇక చెప్పడం. మొదట తెలియవలసింది మీ మేనేజర్‌కి, అదీ నీ నోటి నుంచి. కాంటీన్‌లో విని, లేదా ఇన్‌బాక్స్‌లో చూసి తెలుసుకున్న మేనేజర్ ఎంత మంచివాడైనా ఆ చిన్నతనాన్ని మరచిపోడు. అతను వేసే కొర్రీలన్నీ నీ ఆఖరి అరవై రోజుల మీదే పడతాయి. ఉదయం పూట, వారం మొదట్లో, గది తలుపు వేసుకుని పదిహేను నిమిషాలు అడుగు. ఇంటి నుంచి పనిచేసే రోజైతే కెమెరా పెట్టుకుని మాట్లాడు. “మరో అవకాశం వచ్చింది, వెళ్లాలని నిర్ణయించుకున్నాను, ఈ రోజే మెయిల్ పెడుతున్నాను, నా ఆఖరి రోజు ఫలానా” అని చెప్పి ఆగు. “వెళ్లమంటారా?” అని అడిగే ధోరణి మనవాళ్లలో ఎక్కువ. మర్యాద కోసం అన్నా అవతలివాళ్లకు అది బేరానికి పిలుపులాగే వినబడుతుంది. ఏ కంపెనీ, ఎంత జీతం అన్న ప్రశ్నలు తప్పక వస్తాయి. చేరిన తర్వాత చెబుతానంటే సరిపోతుంది.

జీతం పెంచుతాం, ఉండిపొమ్మంటారు. వాళ్లు పిలిచిన తర్వాత ఆలోచిద్దామనుకుంటే తడబడతావు, అందుకని జవాబు ఈ రోజే నిశ్చయించుకుని వెళ్లు. నా అభిప్రాయం అడిగితే, రెండేళ్లుగా అడిగినా ఇవ్వని పెంపు రాజీనామా ఇచ్చిన గంటలో వస్తే అది నీ పనికి కట్టిన విలువ కాదు, నీ స్థానంలో మనిషి దొరికేదాకా కొనుక్కున్న గడువు. అందరి విషయంలోనూ ఇలాగే ఉంటుందని అనను, కాని నేను కూర్చున్న బల్ల అవతలి వైపు నుంచి ఎక్కువసార్లు చూసింది ఇదే.

మాట్లాడి వచ్చిన గంటలోపే మెయిల్ పంపు, హెచ్‌ఆర్‌కు కాపీ పెట్టు. మీ ఆఫీసులో ఇంగ్లీషులోనే రాస్తావు కనుక సారాంశం మాత్రం చెబుతాను: “ఈ ఉత్తరం ద్వారా నా ఉద్యోగానికి రాజీనామా సమర్పిస్తున్నాను. నియామక పత్రంలోని నోటీసు షరతు ప్రకారం నా చివరి పనిదినం జూలై ఫలానా తేదీ అవుతుంది. అప్పటివరకు నా పనులన్నీ అప్పగించడానికి పూర్తిగా సహకరిస్తాను. ఇక్కడ లభించిన అవకాశాలకు కృతజ్ఞతలు.” కారణం రాయనక్కరలేదు. ప్రమోషన్ రాలేదన్న బాధ, టీమ్ లీడ్ మీద కోపం ఇందులోకి ఎక్కించకు. ఆ కాగితం నీ ఫైలులో పదేళ్లు ఉంటుంది, పైగా గచ్చిబౌలిలో నువ్వు విడిచిన మేనేజరే మరో నాలుగేళ్లకు కొండాపూర్‌లో నీ ఇంటర్వ్యూ బల్ల మీద ఎదురవుతాడు. వెళ్లేముందు హెచ్‌ఆర్ వాళ్లు చేసే ఎగ్జిట్ ఇంటర్వ్యూలోనూ పద్ధతుల గురించి మాట్లాడు, మనుషుల గురించి వద్దు. రాజీనామా అంగీకరించినట్టూ, చివరి తేదీ ఫలానా అనీ జవాబు వచ్చేదాకా రెండు రోజులకోసారి గుర్తుచేస్తూ ఉండు. కంపెనీ పోర్టల్‌లో బటన్ నొక్కడం ఆ తర్వాతి లాంఛనం.

నోటీసులో ఉన్నవాళ్లు పని మానేశారనే పేరు ఊరికే వస్తుంది. నీ దగ్గర ఏమేమి ఉన్నాయో, ఎవరికి ఎప్పుడు అప్పగిస్తావో మొదటి వారంలోనే రాసి మేనేజర్‌కు పంపితే చివరి వారంలో “కేటీ (పని అప్పగింత) పూర్తి కాలేదు, ఇంకో పది రోజులు ఉండు” అనే మాట పుట్టదు. పేస్లిప్‌లు, జీతం మీద కోసిన పన్నుకు ఇచ్చే ఫారం 16, నియామక పత్రం, ఇంక్రిమెంట్ లెటర్లు ముందుగానే దించుకో, ఆఖరి సాయంత్రానికి లాగిన్ ఉండదు. కంపెనీ కోడ్‌గానీ, కస్టమర్ల ఫైళ్లుగానీ ఒక్కటి కూడా సొంత మెయిల్‌కు పంపుకోకు. ఆ వారాల్లో వాళ్ల నిఘా అంతా దాని మీదే ఉంటుంది. ల్యాప్‌టాప్ అప్పగించినప్పుడు రసీదు తీసుకో. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మీటరు రీడింగ్ ఫొటో తీసుకున్నవాళ్లకే అడ్వాన్సు తగువు లేకుండా తిరిగి వస్తుంది కదా.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఉంది. మీ హెచ్‌ఆర్ పాత అలవాటు కొద్దీ నలభై అయిదు రోజులంటే, కోపం లేకుండా ఆ నిబంధనను ఉదహరిస్తూ మెయిల్ రాయి.

పీఎఫ్‌ను మాత్రం తీసెయ్యకు. ఇక్కడ బర్కత్‌పురలో మా ఇంటి నుంచి పీఎఫ్ ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరం కనుక, అక్కడ తిరిగేవాళ్ల గోడు వింటూనే ఉంటాను. పాత యూఏఎన్‌నే, అంటే నీ పీఎఫ్ ఖాతా నంబరునే, కొత్త కంపెనీకి ఇచ్చి బదిలీ చేయించుకుంటే నీ సర్వీసు కలుస్తూ వస్తుంది. పెన్షన్‌కు పదేళ్లు కావాలి, నీకు సగం అయిపోయాయి. పాత కంపెనీ నిష్క్రమణ తేదీ వేయకపోతే ఆఖరి చందా జమ అయిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో నువ్వే వేసుకోవచ్చు. ఏప్రిల్ నుంచి జూలై దాకా అందుకున్న జీతం, దాని మీద కోసిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వడం మరచిపోకు. ఇవ్వకపోతే పన్ను లెక్కకు ముందు జీతంలోంచి తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్, తక్కువ పన్ను శ్లాబుల లాభం రెండుచోట్లా లెక్కవేసేస్తారు, రిటర్ను వేసే రోజున ఆ తేడా అంతా నీ చేతి నుంచి కట్టాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసినదొకటి ఉంది. అక్కయ్య మోకాలి ఆపరేషన్ మీ కంపెనీ ఇన్సూరెన్సులో చేయించాలనుకున్నారు కదా. ఆ గ్రూపు పాలసీ సాధారణంగా నీ ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేరుస్తారో లేదో, ముందునుంచి ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందో లేదో చేరకముందే మెయిల్‌లో అడుగు. లేదంటే జూన్‌లోనే ఆపరేషన్ తేదీ తీసుకోండి, నోటీసులో సెలవు పెట్టే అవసరం రాకుండా ఆసుపత్రిలో నేను ఉంటాను. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు షరతు ఉన్న పేజీ ఫొటో తీసి ఈ ఆదివారంలోగా పంపు, మెయిల్ ఏ రోజున పెట్టాలో లెక్కవేసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య
బర్కత్‌పుర, హైదరాబాద్