చిన్న పురపాలక సంఘంలో న్యూసెన్స్ ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతుంది?

పక్కనున్న పాడుబడ్డ ఇంటి గురించి, అందులో ఏపుగా పెరిగిన పిచ్చిమొక్కల గురించి, నిలిచిపోయిన నీటి గురించి ఫిర్యాదు చేసి మూడు నెలలైనా ఏ మార్పూ లేదని, అసలు చిన్న పురపాలక సంఘాలు న్యూసెన్స్ నిబంధనలను, అంటే చుట్టుపక్కలవారికి ఇబ్బంది, హాని కలిగించే ఇటువంటి స్థితిని ఆపే నియమాలను, ఎలా అమలు చేస్తాయని మీరు అడిగారు. నేను ఒక చిన్న నగరంలో ఆరేళ్లు తనిఖీ అధికారిగా పనిచేశాను కనుక, ఆ అనుభవం నుంచే సమాధానం చెబుతాను.

చిన్న నగరంలో ఈ పనికి ఒకరో ఇద్దరో ఉంటారు, భవన అనుమతుల పని కూడా తరచుగా వారి మీదే పడుతుంది. వీధివీధీ తిరిగి ఉల్లంఘనలను వెతికే తీరిక వారికి ఉండదు కాబట్టి అమలు దాదాపుగా ఫిర్యాదుల మీదే నడుస్తుంది. ఇందులో ఒక అన్యాయం దాగి ఉంది. ధైర్యంగా అర్జీ రాసిచ్చేవారు ఉన్న వీధులు బాగుపడతాయి, ఇంటి యజమాని ఖాళీ చేయిస్తాడన్న భయంతో అద్దెకున్నవారు నోరెత్తని చోట గోడ కూలే స్థితికి వచ్చినా కార్యాలయానికి తెలియదు. ఆ ఆరేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించినది ఇదే.

ఫిర్యాదు నమోదయ్యాక తనిఖీ, నోటీసు, సరిచేయడానికి గడువు, మళ్లీ తనిఖీ, అప్పటికీ వినకపోతే విచారణ, జరిమానా అనే క్రమం ఉంటుంది. చివరి మెట్టుగా పురపాలక సంఘమే మనుషులను పెట్టి శుభ్రం చేయించి, ఆ ఖర్చును యజమాని నుంచి, చాలాచోట్ల ఆస్తి పన్ను బకాయి మాదిరిగానే, వసూలు చేస్తుంది. తనిఖీకి వచ్చినవారు రోడ్డు మీదే నిలబడి చూసి వెళ్లిపోయారని చాలామంది కోపగించుకుంటారు గానీ, ఒకరి ఇంట్లోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడం చిన్న విషయం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన కమారా కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1967లో, నివాసి ఒప్పుకోకపోతే, అత్యవసర పరిస్థితి లేనప్పుడు, ఇటువంటి తనిఖీకి కూడా వారెంటు ఉండాలని తీర్పు చెప్పింది.

అయితే ఫిర్యాదులు ఎక్కువగా ఆగిపోయేది నోటీసు దగ్గర. నేను చూసిన ఒక పాడుబడ్డ ఇంటి విషయంలో యజమాని మరణించి చాలా కాలమైనా రికార్డులో ఆయన పేరే ఉంది, వారసులు నలుగురు. ఊళ్లోనే ఉన్న పెద్ద కొడుకుకు నోటీసు ఇచ్చి, ఆయన సంతకం తీసుకుని, పని అయిపోయిందనుకున్నాను. గడువు దాటాక జరిమానా వేస్తే మిగిలిన ముగ్గురూ అప్పీలుకు వెళ్లి తమకు నోటీసే అందలేదన్నారు. వారు చెప్పినది నిజం. ఉత్తర్వు రద్దయింది, చిరునామాలు వెతికి మళ్లీ మొదటి నుంచి నోటీసులు ఇచ్చేసరికి మరో వర్షాకాలం గడిచిపోయింది, అంతకాలమూ పక్కింటివారు దోమల మధ్యే బతికారు. ఆ తప్పు నాది. ఆ తరువాత నుంచి ఎవరికి, ఏ తేదీన, ఏ విధంగా నోటీసు అందిందో రాసుకోకుండా నేను ఏ దస్త్రాన్నీ ముందుకు కదపలేదు.

నిధులు లేవని చెబితే మాత్రం వెనక్కి తగ్గవద్దు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు, దుర్గంధం భరించలేక ఒక వార్డు ప్రజలు న్యూసెన్స్‌ను తొలగించమని ఆదేశించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇచ్చే, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించారు. డబ్బు లేదన్న పురపాలక సంఘం వాదనను 1980లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. భారతదేశంలో ఇప్పుడు ఆ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ ఉంది. సరిహద్దు తగాదా వంటివి ఇద్దరి మధ్య సివిల్ వివాదాలే గనుక వాటిని మీ న్యూసెన్స్ ఫిర్యాదులో కలపకండి, కలిపితే అసలు ఫిర్యాదు కూడా పక్కకు పోతుంది.

మీరు ఇప్పుడు కార్యాలయానికి వెళ్లి ఫిర్యాదు సంఖ్య చెప్పి, తనిఖీ ఏ తేదీన జరిగింది, నోటీసు ఎవరి పేరిట వెళ్లింది, గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్న మూడు ప్రశ్నలను రాతపూర్వకంగా అడగండి. వారసులు ఎక్కడెక్కడ ఉన్నారో మీకు తెలిస్తే ఆ వివరాలు కూడా జతచేయండి, నా రోజుల్లో అంతకంటే విలువైన సహాయం మరొకటి లేదు. తేదీతో ఫోటోలు తీసి, నీరు ఎన్నాళ్లుగా నిలిచి ఉందో రాయండి. ఇంటి గోడ దారివైపు ఒరిగి ఉంటే దానిని విడిగా, ప్రాణాపాయంగా పేర్కొంటూ మరో అర్జీ ఇవ్వండి, ఎందుకంటే అటువంటి ప్రమాదానికి మామూలు గడువు కోసం ఆగకుండా వెంటనే చర్య తీసుకునే అధికారం సాధారణంగా కార్యాలయానికి ఉంటుంది.